ఏటిగట్టు, పంటకాలువ, కుడి మోకాలు

గోదావరి డెల్టాలో కొండ ఎక్కడా లేదు. ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వశిష్ఠగా చీలిన తరువాత సముద్రం దాకా ఉన్నదంతా ఆ నదే తెచ్చి పోసిన ఒండ్రు. ఎత్తు అనదగినవి ఏటిగట్లూ, కాలువగట్లూ, వంతెనలూ మాత్రమే. అక్కడికి అయిదు రోజుల సైకిలు ప్రయాణం పెట్టుకున్నానంటే, కొండదారుల్లో పరుగూ మౌంటెన్ బైకూ వ్యసనంగా ఉన్న నాలాంటి విశాఖపట్నం మనిషికి అక్కడేం పని అని మిత్రులు అడిగారు. కిందటి వేసవిలో కంబాలకొండ దారిలో దిగుతుండగా కంకర మీద ముందుచక్రం జారింది. పాదం నేలకు ఆనింది, శరీరం తిరిగింది, కుడి మోకాలి లోపలివైపు మెనిస్కస్, అంటే కీలులో దిండులా ఉండే మృదులాస్థి, చిరిగింది. శస్త్రచికిత్స అక్కరలేదని డాక్టరు అన్నారు. ఆ తరువాత నెలల తరబడి నాతో తొడ కండరాలకు వ్యాయామం చేయించిన ఫిజియోథెరపిస్టు చివరికి ఇచ్చిన అనుమతి ఇది: సైకిలు తొక్కవచ్చు, మెత్తని చదును నేల మీద నడకా పరుగూ కలిపి చేయవచ్చు, దిగుడు మాత్రం వద్దు. ఎక్కేటప్పుడు కండరం శరీరాన్ని పైకి నెట్టి ఊరుకుంటుంది కాని, దిగేటప్పుడు ఆ కండరమే సాగుతూ అడుగడుగునా బరువును ఆపవలసి వస్తుంది, ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. దిగుడు లేని నేల మన రాష్ట్రంలో వెతికితే డెల్టాను మించినది లేదు.

ఫిజియోథెరపిస్టు ఇచ్చిన నియమాలు రెండు. నొప్పికి పదికి మార్కులు వేసుకుంటే అది మూడు దాటకూడదు. మరునాడు ఉదయం దర్జీ టేపుతో మోకాలిచిప్ప పైభాగాన చుట్టుకొలత తీసుకోవాలి. మామూలు కంటే సెంటీమీటరు పెరిగితే ఆ రోజు పరుగు లేదు. సంచిలో టేపు అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.

శుక్రవారం: ధవళేశ్వరం, లొల్ల, ఆత్రేయపురం

తెల్లవారగానే బ్యారేజీ మీదికి చేరాను. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 1982లో ముగిసిన బ్యారేజీ. నాలుగు భాగాలుగా, మధ్య మధ్య లంకలతో, 175 గేట్లతో నదికి అడ్డంగా సాగుతుంది. రోడ్డు ఇరుకు. బస్సు వెనుక బస్సు వస్తున్నప్పుడు సైకిలు వాడు పిట్టగోడకు ఆనుకొని పోవలసిందే, కాబట్టి నీళ్లను చూసే తీరిక పిచ్చుకలంక చేరాక గాని దొరకలేదు. ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం తెరిచే వేళ దాకా ఆగలేదు. ఆయన తవ్వించిన కాలువల గట్ల మీదే ప్రయాణం కదా అని సరిపెట్టుకున్నాను.

బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. అక్కడ టైర్లలో గాలి కొంత తీసేసి మట్టి గట్టు ఎక్కాను. చదును నేల సుఖమనుకునేవారు ఇక్కడ ఒక పూట తొక్కి చూడాలి. కొండదారిలో గంట కష్టపడితే దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ కాలువ నీరు పారడానికి చాలినంత వాలే తప్ప చక్రానికి తెలిసే వాలు లేదు కనుక, పెడలు ఆపితే బండి ఆగిపోతుంది. ఈ ఎడతెగని తొక్కుడులో మోకాలిని కాపాడేది తేలిక గేరు ఒక్కటే. బలంగా నిమిషానికి అరవై చుట్లు తొక్కడం కంటే తేలికగా ఎనభై అయిదు తొక్కడం మేలు, ఒక్కో తొక్కుడుకు కీలు మీద పడే బరువు తగ్గుతుంది. సీటు కూడా ఎత్తుగా ఉండాలి. పెడలు కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు చాపుకొని, మోకాలి దగ్గర కొద్దిపాటి వంపు మాత్రమే మిగలాలి.

ఈ సీటు సంగతి డెల్టాలో ఎవరూ ఒప్పుకోలేదు. లొల్ల లాకుల దగ్గర పది రూపాయల టీ తాగుతుండగా, చుట్ట కాలుస్తున్న ఒక పెద్దాయన లేచి వచ్చి సైకిలును నాలుగు వైపులా పరిశీలించారు.

“తమరిది ఏ ఊరండీ?”

“విశాఖపట్నం అండి.”

“ఆయ్. సీటు ఇంత ఎత్తున పెట్టుకున్నారేంటండీ? కాళ్లు కింద ఆనవు కదండీ. ఈ కాలువలో పడితే ఎవరు తీస్తారండీ?”

మోకాలి కథ చెప్పాను. ఆయన సానుభూతితో విని, ఆముదం వేడిచేసి రాయమని చెప్పి, అయినా సీటు దించుకోవడమే మంచిదని తేల్చారు. టీ డబ్బులు ఆయనే ఇచ్చేశారు. లాకుల దగ్గర కాలువలు చీలి తలోవైపూ పోతాయి. లారీలు రాకముందు ధాన్యం పడవలు ఈ గదుల్లోకి వచ్చి, తలుపులు మూసి నీటి మట్టం సరిచేసే దాకా ఆగి, మరో మట్టంలోని కాలువలోకి వెళ్లేవి. ఆ పెద్దాయన తండ్రి పడవ నడిపే సరంగు అట. చెట్ల కింద చల్లగా ఉంది, లేవబుద్ధి కాలేదు.

ఆత్రేయపురంలో పూతరేకుల ఇంటి ముందు ఆగాను. బోర్లించిన కుండ అడుగు కింద ఎండు కొబ్బరాకుల మంట. రేకులు తీసే ఆవిడ పలుచని బియ్యపు పిండి నీళ్లలో తెల్లని గుడ్డ ముంచి, రెండు చేతులతో అంచులు పట్టుకొని కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ కుండను దాటేసరికే రేకు కట్టి అంచు లేస్తుంది, దాన్ని వేళ్లతో ఒలిచి పక్కన దొంతి మీద వేస్తారు. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే కుండకు పట్టుకుంటుంది. మాట్లాడుతూనే ఎడమ చేత్తో ఆకు తోసి, మళ్లీ వెనక్కు లాగుతున్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా కాళ్లు ముడుచుకొని పొయ్యి ముందు కూర్చునే మనిషికి మోకాళ్లు నొప్పెట్టవా అని అడిగాను. “మోకాళ్లు కాదండీ, నడుం” అన్నారు. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి పది రేకుల పెట్టె 250 రూపాయలు. సైకిలు సంచిలో పెడితే పొడి అయిపోతాయని ఆవిడ హెచ్చరించారు కనుక, గట్టు మీదే కూర్చుని సగం తినేశాను.

శనివారం: వాడపల్లి ఏటిగట్టు, కొత్తపేట

టేపులో పెరుగుదల లేదు. కాబట్టి పరుగు. నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఈ లెక్కన వాడపల్లి వైపు గౌతమి ఏటిగట్టు మీద. ఏటిగట్టు కాలువగట్టు కంటే ఎత్తు, వెడల్పు ఎక్కువ. వరదను ఆపడానికి కట్టినది. ఎడమవైపు ఇసుక తిన్నెలు, లంకల్లో కూరగాయ పాదులు, మంచులో సగం కనిపించే నది. కుడివైపు గట్టు కంటే బాగా దిగువన అరటి తోటలు, ఇళ్ల పైకప్పులు. వరద రోజుల్లో నీరు ఈ ఇళ్ల చూరు కంటే ఎత్తున నిలుస్తుందన్న సంగతి పుస్తకంలో చదివితే అర్థం కాదు, గట్టు మీద పరుగెడితే అర్థమవుతుంది. మొక్కలకు నీళ్లు మోస్తున్న ఒక రైతు 1986 ఆగస్టు వరద గట్టులో ఎంత మేరకు వచ్చిందో చెయ్యి పెట్టి చూపించి, 2022 జూలైలో రాత్రంతా ఊరి కుర్రాళ్లు ఇసుక బస్తాలతో ఇక్కడే కాపలా కాశారని చెప్పారు.

శనివారం కావడం వల్ల పరుగు తొందరగానే నడకగా మారింది. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకొని, వచ్చిన ప్రతిసారీ ఏడు ప్రదక్షిణలు చేయడం ఇక్కడి ఆనవాయితీ. ఆ జనం గట్టు నిండా ఉన్నారు. చంకలో పిల్లతో చెప్పులు చేత పట్టుకొని నడుస్తున్న ఒకావిడ, నా పొట్టి లాగూ మోకాలి పట్టీ చూసి, “మొక్కుబడాండీ?” అని అడిగారు. కాదన్నాను. “మొక్కుకోండి మరి, తగ్గుద్ది” అన్నారు. ప్రదక్షిణలు చేశాను. చదును రాతి నేల మీద వట్టికాళ్లతో నెమ్మదిగా నడవడానికి ఫిజియోథెరపిస్టు కూడా అడ్డు చెప్పరు.

మధ్యాహ్నం కొత్తపేటలో మా పిన్ని ఇంటికి చేరేసరికి వెనుక టైరు మెత్తబడింది. ఏటిగట్ల మీద నీడనిచ్చే తుమ్మచెట్లకు ముళ్లు కూడా ఉంటాయి. బాబాయ్ పిలిచిన పంక్చరు కుర్రవాడు రెండు ముళ్లు తీసి వంద రూపాయలు తీసుకున్నాడు.

భోజనాల వేళ పీటలు వేశారు. మోకాలు మడిచి బాసింపట్టు వేసుకోవడం నాకు ఇంకా నిషిద్ధం. గుమ్మం దగ్గర తచ్చాడుతుండగా పిన్ని, “ఏరా నాన్నా, కూర్చోవేం?” అంది. బాబాయ్ ఏమీ అనకుండా లోపలినుంచి కుర్చీ, ముందు పెట్టుకోవడానికి ఎత్తుపీట తెచ్చి వేశారు. అంతటితో ఆగక, ఒక్కడినే ఎత్తున కూర్చుంటే ఇబ్బందిగా ఉంటుందని తానూ మరో కుర్చీ తెచ్చుకొని నా పక్కన కూర్చున్నారు. ఆయన మోకాళ్లకు ఏ జబ్బూ లేదు. కంద బచ్చలి కూర, ముద్దపప్పు, కొత్త ఆవకాయకు ఇంకా నెలలు ఉంది కనుక పాతదే, గడ్డపెరుగు. ఆవ పెట్టిన కందకు నేను మూడోసారి చెయ్యి చాపినప్పుడు, సైకిలు మానేయమన్న మాట పిన్ని ఆ పూటకు ఉపసంహరించుకుంది.

ఆదివారం: ధాన్యపు రోడ్లు, పి.గన్నవరం, అంబాజీపేట

సార్వా, అంటే వానాకాలపు వరి, కోతల కాలం. కొత్తపేట దాటాక తారురోడ్డులో సగం ధాన్యానికే అంకితం. పొడవునా పరిచి, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి ఉంచారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే చిక్కు, అందుకని ఎండ ఉన్నంతసేపూ తిరగేస్తూనే ఉండాలి. ఇరుకైన మిగతా సగంలో లారీ వచ్చినా ధాన్యం మీదికి బండి ఎక్కించే మనిషి ఒక్కడూ కనబడలేదు. అవతలివాడు దాటేదాకా ఆగుతారు, హారను కూడా కొట్టరు.

ఒకచోట నేనూ అలాగే ఆగినప్పుడు, పాదాలతో ధాన్యం తిరగేస్తున్న ఒక ముసలమ్మ గారు నా పట్టీ చూసి పలకరించారు. పాదం ఎత్తకుండా, వేళ్లు గింజల్లోకి దూర్చి ముందుకు ఈడుస్తూ నడిస్తే వెనుక సన్నని సాలు పడుతుంది. చివర దాకా వెళ్లి పక్కనే మరో సాలు. “కాళ్లు కడుక్కుని రండి బాబూ, ఓ సాలు తొక్కండి” అన్నారు. చెంబుతో నీళ్లు ఆవిడే పోశారు. అడుగు ఎత్తే పని లేదు, మెలిక లేదు, పైన వేడి, అడుగున చల్లదనం తగులుతున్న గింజలు అరికాలిని నిమురుతున్నాయి. నా సాలు వంకరగా వచ్చిందని ఆవిడ నవ్వి, దాని మీదుగా తిన్నగా మరొకటి వేశారు.

పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ అడ్డం వస్తుంది. ఇక్కడ కాలువే నదిని దాటుతుంది. పాయ మీద కమానులతో కట్టిన అక్విడెక్టు గుండా నీరు అవతలి నగరం ద్వీపపు చేలకు పోతుంది. పందొమ్మిదో శతాబ్దపు పాత కట్టడం పక్కనే కొత్తది ఉంది, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆ తల్లి లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టారు. ఆవిడ పేరు నీళ్ల వంతెనకు పెట్టడం నాకు ఎంతో ఉచితంగా తోచింది. కింద నది, దాని మీద కాలువ, రెండూ కదులుతున్నాయి. నేను కదలలేక చాలాసేపు నిలబడ్డాను.

అక్కడినుంచి అంబాజీపేట దగ్గరే కాని, మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎదురొచ్చింది. డెల్టాలో కొండ లేని లోటు ఈ గాలి తీరుస్తుంది. పైగా కొండకు శిఖరం ఉంటుంది, గాలికి ఉండదు. నొప్పి మూడు దగ్గరికి రాగానే దిగి, ఒక కొబ్బరి కమతం దగ్గర కూలబడ్డాను. దింపు అయిన కాయ గుట్టగా ఉంది. ఒలుపు పని చేస్తున్న ఒకతను నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి ఒక్క మెలిక తిప్పితే పీచు ఊడుతోంది, మూడు మెలికల్లో కాయ బోడి. దింపు తీసిన మనిషి బొండాం కొట్టి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. చెట్టు ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టమని అతను చెప్పాడు. కాళ్లకు బంధం ఉన్నా దిగేటప్పుడు అదుపంతా మోకాళ్లతోనేనట. ఫిజియోథెరపిస్టు నాకు బొమ్మ గీసి నేర్పిన పాఠం ఇదే.

సోమవారం: అంబాజీపేట నుంచి అంతర్వేది

టేపు సెంటీమీటరు ఎక్కువ చూపించింది. పరుగు రద్దు, తేలిక గేరు మీద మాత్రమే ప్రయాణం. అలాంటి ఉదయానికి పొట్టిక్కలు తగిన ఓదార్పు. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి దొప్పలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పితే ఆకు ఈనెలు తెల్లని ఒంటి మీద గీతలుగా అచ్చుపడి ఉంటాయి, లేత పనసాకు వాసన లోపలి దాకా పడుతుంది. పుల్లలు లాగే పద్ధతి ఉంది: ముందు పైపుల్ల తీసి ఆకులను పువ్వులా వాల్చాలి. నేను అడుగు నుంచి చింపుతుంటే హోటలు యజమాని చూడలేక వచ్చి విప్పిపెట్టారు. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడితో ప్లేటు 40 రూపాయలు.

అమలాపురం దాటాక బోడసకుర్రు వంతెన. వైనతేయ మీది ఆ వంతెన ఎక్కుడే దారి మొత్తంలో కొండకు సమీప బంధువు. అవతలి ఒడ్డు పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడి గ్యాస్ బావి పేలి, మంట రెండు నెలలకు పైగా మండింది. టీ బండి ఆయన అప్పటికి చిన్న పిల్లవాడట. రాత్రిళ్లు పెరట్లో దీపం లేకుండా చదువుకున్నామని, నిద్ర మాత్రం పట్టేది కాదని చెప్పారు.

రాజోలు, మలికిపురం దాటాక పెద్ద రోడ్డు వదిలి గట్టు పట్టుకున్నాను. గంటసేపు చక్కగా సాగి, ఆ గట్టు ఒక మురుగుకోడు (పొలాల మురుగునీరు పోయే కాలువ) దగ్గర తెగిపోయింది. ఇరవై అడుగుల అవతల మళ్లీ మొదలైంది. ఒకవైపు రొయ్యల చెరువులు, వాటి కాపలా కుక్కలు. కాపలా మనిషి కుక్కలను అదిలించి, ఈ ప్రాంతంలో తిరిగేవారికి పనికొచ్చే సూత్రం చెప్పాడు: “పంటకాలువ గట్టయితే ఊరూరికీ వంతెన ఉంటాదండీ. మురుగుకోడు గట్టు మీద ఎల్లకండి, ఎక్కడో కాడ తెగుద్ది.” ఫోనులోని పటంలో రెండూ ఒకే నీలిగీతలు. నీటి రంగు చూసి పోల్చుకోవడం ఆ తరువాత అలవాటైంది. చెరువుగట్ల మీదుగా అతను వేయించిన చుట్టుదారిలో సాయంత్రానికి అంతర్వేది చేరాను. గది 800 రూపాయలు. పడమటి పద్ధతి మరుగుదొడ్డి ఉందా అని ముందే అడిగి తీసుకున్నాను. మోకాలు చెడినవాడికి గదిలో అన్నిటికంటే ముఖ్యమైన సౌకర్యం అది.

మంగళవారం: అంతర్వేది, నరసాపురం

వాపు తగ్గింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకొని, లైట్‌హౌస్ దాటి, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఒడ్డు వెంట పరుగు మొదలుపెట్టాను. సముద్రపుటొడ్డు పరుగు మోకాళ్లకు మెత్తన అనేది సగమే నిజం. పొడి ఇసుకలో పాదం దిగబడి మెలికపడుతుంది. అల తడిపిన గట్టి ఇసుక బాగుంటుంది కాని నీటివైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వెళ్లేటప్పుడు ఎడమకాలు పల్లంలో ఉంటే వచ్చేటప్పుడు కుడికాలు ఉంటుంది కాబట్టి, వెళ్లినంత దూరమే తిరిగి రావాలి, మధ్యలో ఆటో ఎక్కకూడదు. మోకాలు గాయపడని రోజుల్లో ఇటువంటి లెక్కలు నాకు తెలియవు. వల లాగుతున్నవారు నా నడకా పరుగూ వరస చూసి కాసేపు ఆగారు. “ఉరుకుతాడు, నడుస్తాడు, మళ్లీ ఉరుకుతాడేంట్రా” అని ఒకరు నవ్వితే, “బండి స్టార్టవట్లేదురా” అని మరొకరు అన్నారు. ఆ పరుగులో నొప్పి ఒకటి దాటలేదు.

సఖినేటిపల్లి రేవులో నది దాటించే బల్లకట్టు లాంటి పంటు ఎక్కాను. మోటారు సైకిళ్లు, ఒక కారు, గడ్డి మోపులు, బడిపిల్లలు, నాకూ సైకిలుకూ కలిపి 20 రూపాయలు. పంటు రేకు మీదికి సైకిలు ఎత్తబోతుంటే అడగకుండానే ఇద్దరు చెరో చక్రం పట్టి లోపల పెట్టేశారు. అవతల మాధవాయిపాలెం రేవు. నరసాపురంలో డచ్చివారి వర్తకాన్ని గుర్తుచేసే వలందర రేవు దగ్గర నది చూస్తూ రొయ్యల వేపుడుతో భోజనం, 180 రూపాయలు. పక్క వీధిలో అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. సూది కదలికకు చూపు అక్కరలేదు, మాట్లాడుతూ వీధిని చూస్తూ అల్లేస్తున్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మోకాలికి ఏమి రాయాలన్న దాని మీద వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. వావిలాకు వర్గానికీ జిల్లేడాకు వర్గానికీ నేను బయలుదేరే దాకా రాజీ కుదరలేదు.

విశాఖపట్నం వచ్చాక ఫిజియోథెరపిస్టు టేపు లెక్కల కాగితం ముందు పెట్టుకొని, మోకాలిచిప్ప చుట్టూ నొక్కి చూసి, వంచి చాపించి, పరుగును నాలుగు నిమిషాల నుంచి ఆరుకు పెంచారు. మెట్ల సంగతి అడిగాను. సింహాచలం మెట్లు ఎక్కవచ్చని, దిగడానికి మాత్రం దేవస్థానం బస్సు ఎక్కాలని చెప్పారు.